చట్టం మినహాయించింది, ప్రభువు మినహాయించలేదు

1990 జూలై 26న అమెరికా అధ్యక్షుడు సీనియర్ జార్జ్ బుష్ శ్వేతసౌధం ఆవరణలో ఒక చట్టంపై సంతకం చేశారు. దాని పేరు 'అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్'. ఉద్యోగంలో, బస్సులో, హోటల్లో, దుకాణంలో, సినిమా హాల్లో వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదని శాసించిన చట్టమది. ఆ సభలో ప్రార్థన చేసిన పాస్టర్ పేరు హెరాల్డ్ విల్కీ. ఆయనకు పుట్టుకతోనే రెండు చేతులూ లేవు. సంతకానికి వాడిన కలాల్లో ఒకదాన్ని అధ్యక్షుడు ఆయనకు బహూకరిస్తే, విల్కీ దాన్ని కాలితో అందుకున్నారు. చేతుల్లేని ఒక దైవసేవకుడు లక్షలాది వికలాంగుల పక్షంగా దేవుని స్తుతించిన ఆ ఘడియ చర్చి చరిత్రలో గర్వంగా చెప్పుకోదగ్గది.

అయితే ఆ చట్టంలోనే మరో మాట కూడా ఉంది. ప్రజలు వచ్చిపోయే స్థలాలన్నీ వికలాంగులకు తెరిచి ఉండాలన్న నియమం నుంచి మతసంస్థలకు, ఆరాధనాస్థలాలకు మినహాయింపు ఇచ్చారు. చట్టం తయారవుతున్న రోజుల్లో కొన్ని క్రైస్తవ సంస్థలు కూడా ఆ మినహాయింపును కోరాయి. ఖర్చు భారమవుతుందని, ప్రభుత్వం చర్చి వ్యవహారాల్లో తలదూరుస్తుందని వాటి భయం. ఆ మినహాయింపు నేటికీ ఉంది. వీల్‌చెయిర్‌లో వచ్చిన వ్యక్తికి, దారిచూపే కుక్కతో వచ్చిన అంధునికి హోటల్ యజమాని తలుపు తీయక తప్పదు. చర్చి మాత్రం తీయకపోయినా ఆ చట్టం దాన్ని నిలదీయదు. పాస్టర్ ప్రార్థనతో మొదలైన చట్టం చర్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఇది ఎంత విచిత్రం!

దారిచూపే కుక్క అనగానే మనలో చాలామందికి అది ధనిక దేశాల ముచ్చటగా తోస్తుంది. దాని చరిత్ర తెలిస్తే అలా అనుకోలేం. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోగొట్టుకున్న జర్మన్ సైనికుల కోసం 1916లో ఓల్డెన్‌బర్గ్ పట్టణంలో ఇలాంటి కుక్కల శిక్షణ మొదలైంది. డొరొతీ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ జర్మనీలో ఇలాంటి శిక్షణను చూసి 1927లో ఒక పత్రికలో వ్యాసం రాసింది. నాష్‌విల్ పట్టణంలో మోరిస్ ఫ్రాంక్ అనే అంధ యువకునికి అతని తండ్రి ఆ వ్యాసం చదివి వినిపించాడు. అతనికప్పుడు ఇరవై ఏళ్లు కూడా లేవు. నాకూ అలాంటి కుక్క కావాలి, నేర్చుకుని తిరిగివచ్చి నాలాంటి వారందరికీ నేర్పుతానని అతను ఆమెకు ఉత్తరం రాశాడు. 1928లో శిక్షణ కోసం ఓడలో స్విట్జర్లాండ్ బయలుదేరాడు. అంధుడు ఒంటరిగా ప్రయాణించలేడని తలచి, అతణ్ణి ఒక పార్శిల్ లాగా అప్పగించి పంపారని చెబుతారు. అలా వెళ్లిన మనిషి, బడ్డీ అని తాను పేరుపెట్టుకున్న జర్మన్ షెపర్డ్ కుక్కతో అదే ఏడాది జూన్‌లో న్యూయార్క్‌లో దిగాడు. విలేకరులు చూస్తుండగా, వాహనాలు ఎడతెగకుండా పరుగెత్తే వెస్ట్ స్ట్రీట్‌ను ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దాటాడు. 1929 జనవరిలో 'ది సీయింగ్ ఐ' అనే శిక్షణ సంస్థ నాష్‌విల్‌లో వెలిసింది.

రోడ్డు దాటడం బడ్డీ నేర్పింది. తలుపులు దాటడమే ఆ తరువాత కష్టమైంది. హోటళ్లు కుక్కను రానివ్వలేదు. రైళ్లలో దాన్ని సామాన్ల పెట్టెలో పడేయమన్నారు. కళ్లను సామాన్లలో వేసి మనిషి ఎలా ప్రయాణం చేస్తాడు? ఫ్రాంక్ ఊరూరా తిరిగి పోరాడాడు. 1935 నాటికి అమెరికా రైల్వేలన్నీ ఈ కుక్కలను యజమానితోపాటే కూర్చోనిచ్చాయి. 1956 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ ఇందుకు చట్టాలు వచ్చాయి. 1990 నాటి చట్టం ఆ హక్కును దేశమంతటికీ స్థిరం చేసింది.

ఈ హక్కు ఎలా పనిచేస్తుందో కూడా చూద్దాం. అమెరికాలో 2011 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, వైకల్యం గల వ్యక్తికోసం ఒక నిర్దిష్టమైన పని చేసేలా శిక్షణ పొందిన కుక్కనే సేవా జంతువు అంటారు. పొట్టిజాతి గుర్రాలకు కూడా విడిగా ఒక వెసులుబాటు ఉంది. అంధునికి దారి చూపేవి కొన్ని. చెవిటివారికి తలుపు చప్పుడైందని, మంటల అలారం మోగిందని తట్టి చెప్పేవి కొన్ని. వీల్‌చెయిర్‌లోని వారికి కిందపడిన వస్తువును నోటితో అందించేవి కొన్ని. మూర్ఛ రోగికి కాపలా ఉండేవి మరికొన్ని. తలుపు దగ్గరి ఉద్యోగికి విషయం తెలియకపోతే రెండే ప్రశ్నలు అడగవచ్చు. వైకల్యం కారణంగా ఈ కుక్క మీకు అవసరమా? ఏ పని చేయడానికి దీనికి శిక్షణ ఇచ్చారు? అంతకుమించి జబ్బు వివరాలు అడగకూడదు, కాగితాలు చూపమనకూడదు, అదనపు రుసుము తీసుకోకూడదు. కుక్క అదుపు తప్పి యజమాని దాన్ని ఆపకపోయినా, ఆ స్థలాన్ని పాడుచేసినా బయటికి పంపమని చెప్పవచ్చు. అప్పుడు కూడా మనిషిని పంపకూడదు. ఆ రెండు ప్రశ్నల్లో ఎంత మర్యాద ఉందో గమనించండి. నీకేమైంది, ఎప్పటినుంచి, ఏ పాపం చేశావు అనే విచారణ అందులో లేదు. యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయిని జనం నోరు మూసుకోమన్నారు. ప్రభువు మాత్రం నిలబడి, నేను నీకేమి చేయాలని కోరుతున్నావని అతణ్ణే అడిగాడు (మార్కు 10:51). అవసరమేమిటో ఆ మనిషి నోటనే వినాలనుకున్నాడు.

సాయం చేయడం వేరు, హక్కును గౌరవించడం వేరు. ఈ తేడా తెలియకపోతే మన ప్రేమ కూడా ఎదుటివారికి సంకెళ్లవుతుంది. మిషిగన్ రాష్ట్రంలో సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన ఒక చిన్నారికి 'వండర్' అనే సేవా శునకం ఉండేది. తలుపులు తీయడం, లైట్లు వేయడం, పడిపోయినవి అందించడం దాని పని. పాఠశాల కుక్కను రానివ్వనన్నది. ఆ పిల్లకు సాయం చేసేందుకు ఇప్పటికే ఒక మనిషిని పెట్టాం కదా, ఇక కుక్క దేనికి అన్నది వారి వాదన. ఆ వాదనలో దుర్మార్గమేమీ లేనట్టే కనిపిస్తుంది. కానీ ఆ తల్లిదండ్రులు కోరింది బిడ్డ ప్రతిదానికీ మరొకరి చేతివైపు చూడకుండా ఎదగాలని. ఆ తగాదా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాఠశాలపై ఇలాంటి దావా వేసేముందు ప్రత్యేక విద్యకు సంబంధించిన అధికారుల చుట్టూ తిరిగి రావలసిందేనా అన్నది కోర్టు ముందున్న ప్రశ్న. ఫిర్యాదు సారాంశం చదువు లోపం గురించి కాక వివక్ష గురించి అయితే అలా తిరగనక్కరలేదని 2017 ఫిబ్రవరిలో న్యాయస్థానం తేల్చింది. ఇదే ఇబ్బంది గ్రంథాలయంలోనో నాటకశాలలోనో ఎదురైతే దావా వేయగలరా అని ఆలోచించి చూడమన్నది. మనం ఇంకొక స్థలాన్ని ఆ జాబితాలో చేర్చి ఆలోచించాలి. అదే ఇబ్బంది దేవుని మందిరంలో ఎదురైతే?

కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చిన సంగతి మనకు సండేస్కూల్ నాటి నుంచి తెలుసు (మార్కు 2:1-12). ఆ నలుగురి విశ్వాసాన్ని మెచ్చుకుంటూ ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఇంటికప్పు విప్పవలసిన అగత్యం ఎందుకొచ్చిందో మాత్రం అంతగా మాట్లాడుకోం. గుమ్మం దగ్గర జనం అడ్డంగా ఉన్నారు! వాక్యం వినడానికి వచ్చిన భక్తులే, వాక్యం అత్యవసరమైన వానికి దారి ఇవ్వలేదు. ఈనాడు మన మందిరాల్లో వీల్‌చెయిర్‌లో వచ్చినవారిని యువకులు నలుగురు ఎత్తి మెట్లెక్కిస్తారు. వారి ప్రేమకు వందనాలు. కానీ ప్రతి ఆదివారమూ పదిమంది చూస్తుండగా సామానులా ఎత్తబడటం ఆ మనిషికి ఎలా ఉంటుందో ఒక్కసారైనా అడిగామా? కొందరు అందుకే ఇంట్లో ఉండిపోతారు. సిగ్గుతో రాలేకపోయినవారిని మనం 'విశ్వాసంలో చల్లారినవారు' అని లెక్కిస్తాం.

శృంగారమనే దేవాలయ ద్వారం దగ్గరి కుంటివాని కథ ఇంకా కఠినమైనది (అపొ.కా. 3). పుట్టింది మొదలు కుంటివాడైన అతణ్ణి రోజూ మోసుకొచ్చి ద్వారం దగ్గర ఉంచేవారు. అతని వయస్సు నలభై ఏళ్లు దాటింది. దేవాలయంలోకి వెళ్లేవారు వెళ్తున్నారు, నాణేలు వేసేవారు వేస్తున్నారు. భిక్షకు లోటు లేదు, ప్రవేశమే లేదు. పేతురు, యోహాను వచ్చిన రోజున అతను తన కాళ్లమీద, వారితో కూడా, గంతులు వేస్తూ దేవాలయంలోకి వెళ్లాడు. ఆ అద్భుతం అంతటితో ముగిసింది లోపల, ద్వారం దగ్గర కాదు.

ఇక్కడొక మాట నిష్కర్షగా చెప్పుకోవాలి. స్వస్థత సభల్లో వికలాంగులను ముందు వరుసలో కూర్చోబెడతాం. స్వస్థత జరగకపోతే, నీ విశ్వాసం చాలలేదని ఇంటికి పంపేవారూ ఉన్నారు. ప్రభువు నేడు కూడా స్వస్థపరచగలడని మనం నమ్ముతాం. కానీ స్వస్థతను మందిర ప్రవేశానికి షరతుగా పెట్టే అధికారం మనకెవరిచ్చారు? యోనాతాను కుమారుడు మెఫీబోషెతు రెండు కాళ్లూ కుంటివాడు. దావీదు అతణ్ణి లోదెబారు నుంచి పిలిపించి, రాకుమారులతో సమానంగా తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ అధ్యాయం చివరి వచనం కూడా అతను రాజు బల్ల దగ్గరే భోజనం చేసేవాడని, అతని కాళ్లు రెండూ కుంటివేనని ఒకే ఊపిరిలో చెబుతుంది (2 సమూ. 9:13). కాళ్లు బాగుపడలేదు, కుర్చీ మాత్రం ఖాయమైంది. కృప అంటే అదే కదా! గుడ్డివారికీ కుంటివారికీ ఇంట్లో ప్రవేశం లేదన్న సామెత ఒకటి దావీదు కాలంలోనే పుట్టింది (2 సమూ. 5:8). దావీదు కుమారుడైన యేసు యెరూషలేము దేవాలయంలో అమ్మేవారిని వెళ్లగొట్టినప్పుడు, ఆ వెంటనే లోపలికి ఆయన దగ్గరికి వచ్చింది గుడ్డివారూ కుంటివారే (మత్తయి 21:14). పాత సామెత ఆ రోజుతో చెల్లిపోయింది. దాన్ని మళ్లీ మన గుమ్మాలకు వేలాడదీయకూడదు.

అయితే కుక్క ఆరాధనలోకి రావచ్చునా? చాలామంది విశ్వాసులకు ఇది నిజంగానే ఇబ్బంది కలిగించే ప్రశ్న. బైబిల్లో కుక్క ప్రస్తావన ఎక్కువగా తక్కువచూపుతోనే ఉంటుంది. మన వీధుల్లో కుక్కకాటుకు గురైన పిల్లలున్న ఇళ్లు ఎన్నో. ఆ భయాన్ని వెక్కిరించనవసరం లేదు. అలర్జీ ఉన్నవారు కూడా సంఘంలో ఉంటారు. అమెరికా నిబంధనలు ఈ విషయంలో తెలివైన దారి చూపాయి. భయం, అలర్జీ కారణంగా సేవా జంతువును వెళ్లగొట్టకూడదు, ఇద్దరికీ చోటు కల్పించాలి. ఒకరిని ఈ మూల, ఇంకొకరిని ఆ మూల కూర్చోబెడితే సరిపోయే దానికి ఒకరిని బయట ఉంచడమెందుకు? శిక్షణ పొందిన గైడ్ డాగ్ ఆరాధన జరుగుతున్నంతసేపూ యజమాని కాళ్ల దగ్గర పడుకునే ఉంటుంది. మనం పాటించవలసిన మర్యాద ఒకటుంది. పట్టీ కట్టుకుని పనిలో ఉన్న కుక్కను నిమరకూడదు, పిలవకూడదు, తినుబండారాలు వేయకూడదు. దాని దృష్టి మరలితే ఆ అంధుని అడుగు తప్పుతుంది. అంధుని దారిలో అడ్డం వేయకూడదని లేవీయకాండము 19:14 హెచ్చరించింది. ప్రేమతో వేసిన బిస్కెట్టు కూడా అడ్డమవుతుంది!

పరిశుద్ధస్థలంలో జంతువేమిటి అనేవారు బిలాము గాడిదను జ్ఞాపకం చేసుకోవాలి (సంఖ్యా. 22). ఖడ్గం దూసిన దూత దారికి అడ్డంగా నిలిస్తే ప్రవక్తకు కనబడలేదు, గాడిదకు కనబడింది. అది మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ దెబ్బలు తిన్నది. దాని అవిధేయతే అతని ప్రాణాన్ని కాపాడింది. గైడ్ డాగ్ శిక్షణలో అచ్చంగా ఇలాంటి పాఠమే ఉంది. ఎటు వెళ్లాలో నిర్ణయించేది అంధుడే. అతను వాహనాల చప్పుడు విని ముందుకు పద అంటాడు. కుక్క లైటు రంగులు చదవదు. కానీ బండి దూసుకొస్తుంటే, ముందు గొయ్యి ఉంటే, ఆజ్ఞ ఇచ్చినా కదలదు. శిక్షకులు దాన్ని తెలివైన అవిధేయత అంటారు. యజమాని మాటకన్నా యజమాని ప్రాణం ముఖ్యమని ఒక మూగజీవికి నేర్పగలిగారు. సంఘ నియమం కన్నా సంఘస్థుని ప్రాణం ముఖ్యమని మనం ఎప్పుడు నేర్చుకుంటాం?

ఇంకొక అభ్యంతరంలో న్యాయముంది. ఈ హక్కును దుర్వినియోగం చేసేవారున్నారు. పెంపుడు కుక్కకు ఒక కోటు తొడిగి సేవా జంతువని చెప్పుకునేవారి వల్ల అమెరికాలో గందరగోళం పెరిగింది. మనసుకు ఊరటనిచ్చే తోడుగా రకరకాల జంతువులను విమానాల్లోకి తెచ్చారు. చివరికి రవాణా శాఖ 2020 డిసెంబరులో నిబంధనలు మార్చి, విమానాల్లో శిక్షణ పొందిన కుక్కలనే సేవా జంతువులుగా గుర్తించవలసి ఉంటుందని చెప్పింది. 2021 జనవరి నుంచి అది అమలైంది. ఒకరి చిన్న అబద్ధం నిజమైన అవసరం ఉన్నవాని నోట మాట నమ్మకుండా చేస్తుంది. అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ విమానం టికెట్టుకు కూడా వర్తిస్తుంది. అలాగని కొందరు అబద్ధికులకు జడిసి అందరినీ అనుమానించడం కూడా నీతి కాదు.

ఈ మాటలు మన తెలుగువారికి రెండు విధాల తగులుతాయి. అమెరికాలో అనేక నగరాల్లో తెలుగు సంఘాలు, సహవాసాలు ఉన్నాయి. అక్కడి చట్టం వారి మందిరాన్ని బలవంతపెట్టదు. కాబట్టి ఒక అంధ సోదరుడో సోదరియో తమ కుక్కతో గుమ్మం దగ్గర నిలిచినప్పుడు, ఆ తలుపు చట్టానికి భయపడి తెరుచుకోదు. ప్రభువు మీది ప్రేమతోనే తెరుచుకోవాలి. నిజానికి అది గొప్ప అవకాశం. బలవంతం లేని చోటనే కదా ప్రేమ ఎంతో తెలిసేది! స్వాగతం పలికేవారికి ఆ రెండు ప్రశ్నలు, ఆ కొద్దిపాటి మర్యాదలు ముందే నేర్పిపెట్టడం సంఘపెద్దలకు పెద్ద పనేమీ కాదు.

మన దేశంలో గైడ్ డాగ్‌లు చాలా అరుదు. మన అంధ సోదరుల చేతిలో కనిపించేది తెల్లకర్ర. అయితే ఇక్కడి చట్టం చర్చిని వదిలిపెట్టలేదు. 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, ప్రజలు వచ్చిపోయే భవనాలను నిర్వచిస్తూ మతపరమైన కార్యాలకు వాడే భవనాలను కూడా పేర్కొన్నది. నిబంధనలు వెలువడిన 2017 జూన్ నుంచి ఐదేళ్లలోగా ఉన్న భవనాలను అందరూ ప్రవేశించగలిగేలా మార్చాలని గడువు పెట్టింది. ఆ గడువు 2022లోనే తీరిపోయింది. ఈ ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలు రూపొందించాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. 2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశంలో వికలాంగులు 2.68 కోట్లమంది. వారిలో మన ఊరివారు, మన సంఘపువారు, మన ఇంటివారు ఉన్నారు. అమెరికా చట్టం చర్చికి మినహాయింపు ఇస్తే, మన చట్టం చర్చిని లెక్కలో చేర్చింది. రెండు దేశాల చట్టాలకన్నా ముందే ప్రభువు లూకా 14వ అధ్యాయంలో విందుకు ఎవరిని పిలవాలో పేర్లు పెట్టి చెప్పేశాడు. బీదలు, అంగహీనులు, కుంటివారు, గుడ్డివారు. బదులు చేయలేనివారిని పిలిస్తే ధన్యుడవన్నాడు.

కొత్త మందిరాలకు పాలరాతి మెట్లు, ఎత్తైన గోపురాలు కట్టుకుంటున్నాం. అందులో నూరోవంతు ఖర్చు పెడితే ఒక ర్యాంపు వస్తుంది. మెట్ల పక్క పట్టుకోవడానికి ఒక ఇనుపకడ్డీ, వీల్‌చెయిర్ దూరేంత వెడల్పైన మరుగుదొడ్డి తలుపు, బెంచీల వరుసలో ఒకటి తీసేసి వదిలిన ఖాళీ స్థలం, చెవిటివారికి సైగలతో వాక్యం అందించే ఒక యువతీ యువకుల జట్టు, అంధునికి ఆ వారపు పాటలు ముందుగా వినిపించే ఒక ఫోన్ కాల్. వీటిలో ఏదీ చిన్న సంఘానికైనా మోయలేని భారం కాదు. వీటన్నిటికన్నా ముందు చేయవలసింది, సంఘంలోని వికలాంగులను కూర్చోబెట్టుకుని వారినే అడగడం. బల్ల ఇవ్వడానికి, ప్రార్థన నడిపించడానికి, కమిటీలో కూర్చోవడానికి వారిలో ఎవరున్నారో చూడటం. హెరాల్డ్ విల్కీ చేతులు లేకుండానే దశాబ్దాలపాటు పరిచర్య చేశారు. ప్రార్థించడానికి దేవుడు ఆయనను చేతులడగలేదు.

ఈ ఆదివారం ఆరాధనకు వెళ్లినప్పుడు మన మందిరం గేటు నుంచి మన కుర్చీ దాకా ఒక్కసారి లెక్కపెట్టుకుంటూ నడుద్దాం. ఎన్ని మెట్లు, ఎన్ని గడపలు, ఎన్ని ఇరుకు దారులు? అవన్నీ ఎవరిని బయట ఉంచాయో వారి పేర్లు మనకు తెలుసు. ఆరాధన ముగిశాక వారిలో ఒకరి ఇంటికి వెళ్దాం. పరామర్శించడానికి కాదు, వచ్చే ఆదివారం ఎలా వస్తే సౌకర్యంగా ఉంటుందో అడిగి తెలుసుకోవడానికి.